లేని బ్రేకు

జూన్ 8, ఆదివారం. 122వ రోజు

చేరాం. దారిలో నేను తొక్కిన బ్రేకులు ముప్ఫై ఒకటి.

ఇరవై ఆరేళ్ళుగా ప్రతి డ్రైవింగ్ క్లాసు అయ్యాక ఈ లెక్క రాసుకోవడం నా పద్ధతి. ఫలానా విద్యార్థి, ఇన్నో క్లాసు, నా వైపు బ్రేకు ఇన్నిసార్లు తొక్కాల్సి వచ్చింది. వరసగా మూడు క్లాసులు సున్నా వస్తే ఆ మనిషిని పరీక్షకి పంపేవాణ్ణి. అందుకే ఊళ్ళో అందరికీ నేను బ్రేకు మాస్టారిని. ఇవాళ బండి నడిపింది మా పెద్దది. చిక్కల్లా ఏమిటంటే ఇది నా డ్రైవింగ్ స్కూలు బండి కాదు, సొంత కారు. నా వైపు బ్రేకు లేదు. కాలు వింటుందా? మూడున్నర గంటలు ఉత్త మ్యాటుని తొక్కుతూ కూర్చున్నాను.

"నాన్నా, అది చిరిగిపోతుంది. పాపం, మ్యాటేం చేసింది నిన్ను?" అంది పెద్దది, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. చూపు తిప్పకపోవడం మాత్రం మెచ్చుకోవాలి.

దానికి ఇరవై ఒకటి. లైసెన్సు వచ్చి ఐదు వారాలు. నా దగ్గర నేర్చుకోలేదు. పక్క వీధి స్కూల్లో, నాకు చెప్పకుండా నేర్చుకుంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. రెండు వేల మందికి పైగా నేర్పిన చెట్టుని నేను. మలుపు దగ్గర ఇండికేటర్ వాళ్ళ పద్ధతిలోనే వేస్తుంది, ఓ క్షణం ఆలస్యంగా.

మా ఆవిడ వెనక సీట్లో నిద్ర నటించింది. ఆవిడకి డ్రైవింగ్ రాదు. ఇరవై రెండేళ్ళ కిందట నేర్పడం మొదలుపెట్టాను. మూడో రోజు నడి కూడలిలో బండి ఆపేసి, తాళం చెవి నా చేతిలో పెట్టి, దిగి ఇంటికి నడిచి వెళ్ళిపోయింది. అప్పటి నుంచీ వెనక సీటే. నేను గట్టిగా అరిచానని ఆవిడ అంటుంది. నేను వివరంగా చెప్పానని నేనంటాను.

చిన్నోడికి పద్దెనిమిది. నాకంటే నాలుగు వేళ్ళు పొడుగు. లెర్నర్ లైసెన్సు జేబులో పెట్టుకుని, కనిపించిన ప్రతి వాళ్ళనీ "తాళం ఇవ్వవా, ఒక్క రౌండు" అని అడుగుతుంటాడు.

ఇల్లు సరస్సుకి ఎదురుగా ఉంది. రెండు గదులు, చెక్క వరండా. అద్దెకిచ్చినావిడ పక్కింట్లోనే ఉంటుంది, గొర్రెలు పెంచుతుంది. వారం రోజులు ఇక్కడ. నా మనసు కుదుటపడటానికట. నా మనసుకేం? ఫిబ్రవరిలో ఎండ వల్ల ఓ రెండు నిమిషాలు మగతగా అయింది, అంతే. అప్పుడు నేను స్కూలు బండిలో విద్యార్థి పక్కన ఉన్నాను. ఆమె రిటైరైన టీచరమ్మ, నా దగ్గర ఆమెకది ఆరో క్లాసు. బండిని పక్కకి తీసి, హ్యాండ్ బ్రేకు వేసి, లైట్లు వెలిగించి, నాకు తెలివొచ్చేదాకా నా చెయ్యి నిమురుతూ కూర్చుందట. ఏ తప్పూ చేయలేదు. అంత బాగా నేర్పినవాణ్ణి పట్టుకుని, అది మూర్ఛ, ఏడాది పాటు స్టీరింగ్ ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. మధ్యలో ఇంకోసారి వస్తే మళ్ళీ ఒకటో రోజు నుంచి లెక్కట.

రాదు. ఎండే కదా.

"ఫిబ్రవరిలో ఎండేమిటండీ?" అని మా ఆవిడ ఇప్పటికి వందసార్లు అడిగింది. కొన్ని ఫిబ్రవరులు అలాగే ఉంటాయి.

జూన్ 9, సోమవారం. 123వ రోజు

పెడల్ పడవలు ఎక్కాం. పడవలాయన అందరికీ లైఫ్ జాకెట్లు ఇచ్చాడు. మా ఆవిడ ఆయన చెవిలో ఏదో చెప్పింది. ఆయన వచ్చి నా జాకెట్టు పట్టీలు మూడూ మూటకట్టినట్టు బిగించాడు.

"ఈత రాదా సార్?"

"వచ్చు."

"మరి ఏంటి..." అని మా ఆవిడ వైపు చూశాడు. ఆవిడ సరస్సు వైపు చూసింది. సరస్సు ఎవరి వైపూ చూడలేదు.

పడవకి మధ్యలో చుక్కాని పిడి ఉంది. నేను దాని మీద చెయ్యి వేసేలోపే పెద్దది వేసింది. దీనికి కూడా లైసెన్సు కావాలా అన్నాను. "దీనికి అక్కర్లేదు నాన్నా, కానీ నాకు సరదాగా ఉంది" అంది. అబద్ధం. దాని మొహంలో సరదా ఎక్కడా లేదు. నలుగురం గంటసేపు నీళ్ళు తొక్కాం. చిన్నోడు పాటలు పాడాడు, బాతులు దూరంగా వెళ్ళిపోయాయి. మా ఆవిడ నవ్వింది. ఆవిడ నవ్వి చాలా రోజులైందని అప్పుడు తెలిసింది. కోపం వచ్చింది నాకు. నేనేం చచ్చిపోయానా, ఇంట్లో అందరూ నవ్వడం మానేయడానికి?

బ్రేకులు ఇరవై ఆరు. రోడ్డు మీదవి. పడవవి కలపలేదు.

జూన్ 10, మంగళవారం. 124వ రోజు

వాన. కారు కదల్లేదు. బ్రేకు సున్నా. దీన్ని లెక్కలోకి తీసుకోను.

కారు రెండో తాళం చెవి నా షేవింగ్ పెట్టెలో ఉంది. ఎలా వచ్చిందో మరి.

జూన్ 11, బుధవారం. 125వ రోజు

పొద్దున్నే ఆరింటికి కారు అద్దాలు తుడుద్దామని వెళ్ళాను. వానకి బురదగా ఉన్నాయి. తుడవాలంటే చెట్టు కింద నుంచి వెలుతురులోకి తీయాలి. తీశాను. తీసిన బండిని వెనక్కి తిప్పాలంటే గేటు దాటి కొంచెం ముందుకెళ్ళాలి. వెళ్ళాను. ఆ రోడ్డు ఇరుకు. తిప్పుకోవడానికి వీలైన చోటు సరస్సు చివర, ఆరు కిలోమీటర్ల అవతల ఉంది.

చేతులు ఏమీ మర్చిపోలేదు! నాలుగు నెలల తర్వాత నా ఎడమ కాలికి క్లచ్ దొరికింది. గేర్ మారుస్తుంటే ఏడుపొచ్చినంత పనైంది. రోడ్డు మీద ఎవరూ లేరు. పక్కనే నీళ్ళు, కిటికీలోంచి తడి గాలి. యాభై ఒక్కేళ్ళ వాణ్ణి, రోడ్డు పక్కన వదిలేసిన సామాను కాదు నేను. డాక్టరుని ఆ క్షణంలో నా పక్క సీట్లో కూర్చోబెట్టుకుంటే బాగుండేది. ఒక్క కుదుపు చూపించమనేవాణ్ణి.

వెళ్ళేటప్పుడు ఇదీ సంగతి. వచ్చేటప్పుడు కూడా బాగానే ఉంది. సూర్యుడు ఎదురుగా ఉన్నాడు. వచ్చేసరికి ఏడున్నర. పన్నెండు కిలోమీటర్లకి గంటన్నర ఎందుకు పట్టిందంటే నెమ్మదిగా నడిపాను. ఎడమ అద్దం లోపలికి మడిచి ఉంది. నేనే మడిచి ఉంటాను. వచ్చి పడుకున్నాను, బాగా నిద్ర పట్టింది.

బ్రేకు లెక్క రాయక్కర్లేదు. నడిపింది నేను.

అదే రోజు, సాయంత్రం

తొమ్మిదింటికి గొర్రెలావిడ తలుపు కొట్టింది. ఎవరో బండితో కంచె గుద్దారు, ఒక స్తంభం పడిపోయింది, పద్నాలుగు గొర్రెలు రోడ్డెక్కాయి. ఇవాళ జలపాతానికి వెళ్ళాల్సింది. బదులుగా నలుగురం దుప్పట్లు అడ్డం పట్టుకుని గొర్రెల వెంట పరిగెత్తాం. పన్నెండింటిని పదకొండు గంటలకల్లా లోపలికి తోలాం. మిగిలిన రెండింటిలో ఒకటి పడవల రేవు దగ్గర దొరికింది, ఇంకోటి మా వరండాలోనే ఉంది. మామూలు రోజైతే పదేళ్ళ పాటు చెప్పుకుని నవ్వే సంగతి.

మా కారు బంపరు మీద తెల్ల రంగు అంటుకుని ఉంది. కంచె స్తంభాలవి తెల్ల రంగు. పెద్దది వంగి చూసింది, లేచి తమ్ముడి వైపు తిరిగింది.

"నువ్వేనా?"

వాడు దాన్ని చూడలేదు. నన్ను చూశాడు. కాసేపు అలాగే చూసి, "ఊఁ. నేనే" అన్నాడు.

"నీకు బుద్ధుందా? పక్కన ఎవరూ లేకుండా లెర్నర్ తో రోడ్డెక్కుతావా? మనిషెవరైనా అడ్డం వస్తే?"

"సారీ అక్కా."

"సారీ నాకు కాదు, ఆవిడకి చెప్పు!"

వాడెళ్ళి చెప్పాడు. కంచె తనే బాగుచేస్తానన్నాడు. మా ఆవిడ ఒక్క మాట తిట్టలేదు. పెద్దదాని చేతిలోంచి తాళం చెవి తీసుకుని కొంగున ముడి వేసుకుంది.

నేను, "కుర్రతనం. గోరంతని కొండంత చేయకండి" అన్నాను. పెద్దమనిషి తరహాలోనే అన్నాను.

జూన్ 12, గురువారం. 126వ రోజు

చిన్నోడు కంచె దగ్గరే ఉండిపోయాడు. మేం ముగ్గురం సరస్సు అవతలి గట్టున ఉన్న టవర్ ఎక్కాం. రెండు వందల పదకొండు మెట్లు. పైనుంచి చూస్తే ఇవతలి గట్టు మొత్తం కనిపిస్తుంది. గొర్రెల మైదానం అరచేయంత ఉంది. దాని అంచున ఒక చుక్క వంగుతోంది, లేస్తోంది.

"వాడు అబద్ధం చెప్తున్నాడండీ" అంది మా ఆవిడ.

"తప్పు చేయలేదని అబద్ధమాడేవాళ్ళని చూశాను. చేశానని ఎవడాడతాడు?"

"అదే నాకూ అంతుపట్టట్లేదు."

పెద్దది దుర్భిణికి కన్ను ఆనించి ఉంది. "వాడికి సుత్తి పట్టుకోవడం కూడా రాదమ్మా. నేను కొంచెం ఎక్కువే తిట్టాను" అంది.

నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. కాదు, ఎందుకలా రాశాను? నాకేం కుట్టలేదు. నేను కంచెని గుద్దితే నాకు తెలియదా? ఇరవై ఆరేళ్ళలో ఒక్క గీత పడనివ్వలేదు. నేను వచ్చాక వాడు తీసి ఉండొచ్చు. ఏడున్నరకీ తొమ్మిదింటికీ మధ్య. తాళం చెవి ఎక్కడుందో వాడికి తెలిసి ఉండొచ్చు. వాడే ఒప్పుకున్నాడు కదా. ఒప్పుకున్నవాణ్ణి కాదు కాదనడం ఏం న్యాయం?

బ్రేకులు లెక్క పెట్టడం మర్చిపోయాను.

126. రాశాను కదా పైన. 126.

జూన్ 13, శుక్రవారం.

127 అని రాసి కొట్టేశాను.

పొద్దున్నే కంచె దగ్గరికి వెళ్ళాను. కొత్త స్తంభం గుంటలో ఉంది, నిటారుగా లేదు. చిన్నోడి అరచేతుల నిండా బొబ్బలు. నేను స్తంభం పట్టుకున్నాను, వాడు చుట్టూ రాళ్ళు వేసి దిమ్మిస కొట్టాడు.

"ఎందుకన్నావురా, నువ్వేనని?"

"నువ్వు అనలేదు కాబట్టి."

"నేను గుద్దలేదు."

వాడు దిమ్మిస కింద పెట్టాడు. నా మీద కోపం ఉంటుందనుకున్నాను. ఉంటే బాగుండేది.

"నాన్నా, నేను ఏడింటికి లేచాను. కారు గేటు బయట ఉంది, ఇంజను ఆన్ లో. నువ్వు స్టీరింగ్ పట్టుకుని కూర్చునున్నావు. వచ్చి డోరు తీశాను. నువ్వు నా వైపు చూసి నవ్వావు."

"నవ్వానా?"

"నవ్వి, 'ఎన్నో క్లాసు బాబూ?' అన్నావు."

స్తంభాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

"నువ్వేమన్నావు?"

"మొదటి క్లాసు సార్ అన్నాను. ఇంకేమనాలో తెలియలేదు. నువ్వు పక్క సీట్లోకి జరిగావు. సీటు సర్దుకో, అద్దం చూసుకో, బెల్టు పెట్టుకో అన్నావు. గేటు ఇరుకుగా ఉంది, ఎడమ అద్దం నువ్వే మడిచావు. రెండుసార్లు ఇంజను ఆగిపోయింది. 'పర్లేదు బాబూ, అందరికీ ఆగుతుంది, భయపడకు' అన్నావు. చెట్టు కింద పెట్టించాక, 'చాలా బాగా చేశావు, రేపు ఇదే టైముకి రా' అన్నావు." వాడు అరచేతి బొబ్బ గిల్లుకున్నాడు. "ఎప్పుడూ నాకు అంత ఓపిగ్గా చెప్పలేదు నాన్నా నువ్వు. ఒక్కసారి కూడా అరవలేదు."

ఈ మాట రాయకూడదనుకున్నాను. రాశాను. ఉండనీ.

"మరి అమ్మకి ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మళ్ళీ ఒకటి నుంచి లెక్క పెట్టాలి కదా. పొద్దున్నే లేవగానే ఆ నంబరు రాసుకుంటావు నువ్వు. చూస్తుంటాను."

స్తంభం నిటారుగా నిలబడింది. నేను ఇంకా పట్టుకునే ఉన్నాను. వాడే నా చేతులు విడిపించాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర చెప్పేశాను. సూర్యుడు ఎదురుగా ఉన్నాడని చెప్పలేదు. నెమ్మదిగా నడిపానని చెప్పలేదు. కారు తీసుకెళ్ళాను, మూర్ఛ మళ్ళీ వచ్చింది, గుద్దాను, గుద్దినట్టు కూడా తెలియదు, కొడుకు నెత్తిన పడితే పడనిచ్చాను, అన్నాను.

పెద్దది కంచం పక్కకి తోసింది. "గొర్రెలు కాబట్టి సరిపోయింది. బడి పిల్లలైతే? అప్పుడు కూడా వీడే ఒప్పుకునేవాడా?" అని ఏడ్చింది. రెండు వేల మందికి నేను మొదటి రోజు చెప్పే పాఠమే అది. ఆ పాఠాన్ని నా కూతురు పక్క వీధి నుంచి తెచ్చి నాకు అప్పజెప్పింది.

మా ఆవిడ లేచి వెళ్ళి నా షేవింగ్ పెట్టె తెచ్చి బల్ల మీద బోర్లించింది. బ్రష్షు, బ్లేడ్లు, తాళం చెవి.

"ఇదెలా వచ్చింది ఇందులోకి?"

"నేనే పెట్టాను. బయల్దేరే ముందు రోజే."

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. మీకు తొక్కడం తప్ప ఇంకోటి రాదు కదా!" అంది. తాళం చెవి తీసి మొదటి దానితో కలిపి ముడి వేసింది.

అప్పుడు నాకూ రోషం వచ్చింది. రాకపోతే నేనెందుకవుతాను? "సరే. డాక్టరుకి నేనే ఫోన్ చేసి చెప్తాను. ఏడాదన్నాడు, ఏడాదీ లెక్కపెడతాను. ఒక్క రోజు తగ్గించమని అడగను. కానీ మూల కూర్చుని మందులు మింగే ముసలాణ్ణి చేద్దామనుకుంటే మాత్రం కుదరదు. స్కూలు మూయను. బండి నడపడానికి లైసెన్సు కావాలేమో, నోరు నడపడానికి అక్కర్లేదు. బోర్డు మీద చెప్తాను, మైదానంలో నిలబడి చెప్తాను, అవసరమైతే ఆ పక్క వీధివాడి బండి వెనక సీట్లో కూర్చుని చెప్తాను" అన్నాను.

చిన్నోడు నా కంచంలో మజ్జిగ పోశాడు.

ఫోన్ చేశాను. డాక్టరు, "చెప్పినందుకు థాంక్స్" అన్నాడు. ఆ థాంక్స్ ని ఏం చేసుకోవాలో తెలియలేదు.

ఆదివారం రాసిన ముప్ఫై ఒకటి కొట్టేశాను. సోమవారం ఇరవై ఆరు కూడా. ఆ కారులో నా వైపు బ్రేకే లేదు. మూడున్నర గంటల దారి పొడుగునా ఎక్కడ ఆపాలో అక్కడ పెద్దదే ఆపింది. విద్యార్థిని మా పెద్దది, బ్రేకు సున్నా. నేర్పిన ఘనత నాది కాదు, అయినా రాయాలి.

ఇవాళ 2వ రోజు.

జూన్ 14, శనివారం. 3వ రోజు

రేపు వెళ్ళిపోతాం. పొద్దున ఎక్కడికీ వెళ్ళొద్దు, అలిసిపోయాం, వరండాలో కూర్చుందామనుకున్నాం. పదింటికి మా ఆవిడ వచ్చి నా ముందు నిలబడింది. కొంగు ముడి విప్పి ఉంది.

"లేవండి."

"ఎక్కడికి?"

"నోరు నడపడానికి లైసెన్సు అక్కర్లేదన్నారుగా. రండి, నడపండి."

గొర్రెలావిడని అడిగి గొర్రెల్ని అవతలి దొడ్లోకి తోలించిందట. మైదానం మొత్తం ఖాళీ. పెద్దది కారు తెచ్చి మధ్యలో పెట్టి, దిగి వెనక సీట్లో కూర్చుంది. చిన్నోడు తను నిలబెట్టిన స్తంభం పక్కన కంచె ఎక్కి కూర్చున్నాడు. మా ఆవిడ డ్రైవర్ సీట్లో కూర్చుని, సీటు ముందుకి లాక్కుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. ఇరవై రెండేళ్ళు.

"ఒక్క షరతు. మీ కాళ్ళు పైన పెట్టుకోండి."

"అంటే?"

"బాసింపట్టు వేసుకోండి. ఆ మ్యాటు మీద కాలు పడిందంటే, ఈసారి దిగి నడిచేది మీరు."

"అమ్మా, హ్యాండ్ బ్రేకు దగ్గర నా చెయ్యి ఉంటుందిలే" అంది వెనక నుంచి పెద్దది.

ఈ వయసులో, ఈ పొట్టతో, బెల్టు పెట్టుకుని కారు సీట్లో బాసింపట్టు వేయడం ఎంత కష్టమో రాస్తే సగం పేజీ అవుతుంది. వేశాను.

ఐదుసార్లు ఇంజను ఆగింది. ఆరోసారి ఆగినప్పుడు నా గొంతులోకి పాత మాటలన్నీ వచ్చేశాయి. "పర్లేదు, అందరికీ ఆగుతుంది, భయపడకు" అన్నాను. మా ఆవిడ స్టీరింగ్ వదిలేసి నా వైపు తిరిగి చూసింది, ఈ మనిషెవరా అన్నట్టు. కంచె మీద చిన్నోడు తల దించుకున్నాడు.

ఏడోసారి కదిలింది. కదిలిన బండి నిదానంగా, తిన్నగా, ఎవరి మాటా వినకుండా చిన్నోడున్న వైపే వెళ్ళింది. "స్టీరింగ్ తిప్పు" అన్నాను. తిప్పలేదు. చిన్నోడు కంచె అవతలికి దూకాడు. కొత్త స్తంభం దగ్గరికొచ్చేస్తోంది. నా కుడికాలు తొడ కింద నుంచి పాములా బయటికొస్తోంది. రెండు చేతులతో బొటనవేలు పట్టుకున్నాను. పెద్దది కూడా హ్యాండ్ బ్రేకు లాగలేదు. తర్వాత అడిగితే, "నువ్వు తొక్కట్లేదు కదా, అందుకే నేనూ ఆగాను" అంది.

బండి ఆగింది. స్తంభానికి జానెడు దూరంలో.

మా ఆవిడ రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉంచి, గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

"తొక్కారా?"

"లేదు."

"నిజం చెప్పండి."

"కావాలంటే వంగి చూసుకో. కాలు ఇక్కడే ఉంది, నా చేతిలో."

వంగి చూసింది కూడా. తర్వాత నవ్వింది. ఈసారి నాకు కోపం రాలేదు. వెనక్కి తీసుకుని మళ్ళీ మొదలుపెట్టింది. మధ్యాహ్నం వరకూ గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాం. గొర్రెలు అవతలి దొడ్లోంచి వరసగా నిలబడి చూశాయి.

విద్యార్థిని: మా ఆవిడ. మొదటి క్లాసు. ఇంతకుముందు మూడు రోజులు నేను చెప్పినవి క్లాసులు కావు, వాటిని లెక్కలోకి తీసుకోను. బ్రేకు సున్నా.

కాళ్ళు తిమ్మిరెక్కాయి. దించలేదు.